చీకిపోవలసిన బట్ట

పోయినేడు భివండిలోని మా తెలుగు నేతగాళ్ల సమాజం వార్షిక సంచికలో నేనొక యాత్రా వ్యాసం రాశాను. "హిమగిరులపై భివండి వస్త్రం" అని దాని పేరు. ఉన్ని టోపీ పెట్టుకుని కొండ ముందు నిలబడ్డ నా ఫొటో కూడా వేశారు. చదివినవాళ్లు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఇద్దరు పెళ్లిళ్లలో కలిసి చెయ్యి కలిపారు. నేను వినయంగా తల వంచాను. నాకు వినయం బాగా వస్తుంది, అద్దం ముందు నేర్చుకున్నాను.

ఆ వ్యాసంలో కొండలు నిజం, చలి నిజం, తిన్న తిండి నిజం. రాయకుండా వదిలేసింది మాత్రం ఒకటుంది. మా బట్ట ఆ కొండకు ఏం చేసిందో నేను రాయలేదు. దాన్ని కప్పిపుచ్చడానికి ఒక వాక్యం మాత్రం రాశాను: "మా కార్మికుడొకరు పొరపాటున వేరే బీమ్ ఎక్కించినందున చిన్న ఇబ్బంది కలిగింది." పేరు రాయలేదు కదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. కానీ గైబీ నగర్‌లో నా కార్ఖానాలో ఉన్నవి పదహారు సాంచలు, అంటే కరెంటు మగ్గాలు. వాటికి పడుగు చుట్టిన బీములు ఎక్కించే మనిషి ఒక్కడే, నర్సయ్య మామ. పేరు రాయడం ఒక్కటే తక్కువ.

కాబట్టి ఆ ప్రయాణాన్ని మళ్లీ రాస్తున్నాను. అదే దారి, అవే ఊళ్లు. ఈసారి నేను కొంచెం పొట్టిగా కనిపిస్తాను.

మింగిన మాట

హిమాచల్‌లో ఖరోలి అనే ఊరి పైన ఒక కొండను స్కీ పందేల కోసం సిద్ధం చేస్తున్నారు. కాళ్లకు పొడుగాటి పట్టీలు కట్టుకుని మంచు మీద పైనుంచి కిందికి జారతారు. ముందు దిగినవాడు గెలిచినట్టు. అందుకోసం కొండ మీద చెట్లు కొట్టి, మిట్టలు చెక్కి, పైనుంచి కిందికి వెడల్పాటి బాట తీశారు. అలా చెక్కిన మట్టి వానకు నిలవదు. దాని మీద గడ్డి విత్తనాలు చల్లి, పలుచని జాలీ బట్ట పరిచి మేకులు కొడతారు. గడ్డి వేళ్లు పట్టేదాకా మట్టిని బట్ట పట్టుకోవాలి. ఆ తర్వాత బట్టతో పని లేదు.

ఆ జాలీ బట్ట ఆర్డరు ఒక దళారి ద్వారా నాకు వచ్చింది. అక్కడి సూపర్‌వైజర్ పంపిన వాయిస్ మెసేజ్‌లో ఒక మాట ఉంది: "కప్డా దో సాల్ మే గల్నా చాహియే." రెండేళ్లలో బట్ట చీకిపోవాలి అని.

నేత పనిలో పుట్టినవాడికి ఈ మాట చెవిలోకి పోదు. మా నాయన లెక్కలో చీకిన బట్ట అమ్మినవాడూ, బియ్యంలో రాళ్లు కలిపినవాడూ ఒకటే. నర్సయ్య మామను పిలిచి మెసేజ్ వినిపించాను.

"చీకిపోవాల్నట సేటూ," అన్నాడు.

"చీకిపోయే బట్టను ఎవడన్న అడిగి నేపిచ్చుకుంటడా మామా? 'గల్నా నహీ' అనబోయిండు. 'నహీ' మింగిండు."

"రెండుసార్లు విన్న. నహీ లేదు. మల్లొక్కసారి అడుగరాదు?"

"అడిగితే మనకు తెల్వదనుకుంటరు."

"తెల్వదు గద మరి."

నాకు కోపం వచ్చింది. జాలీ ఆర్డరు అనగానే, మెసేజ్ రాకముందే, మామ కాటన్ బీమ్ ఎక్కించి, రెండు రోజులు కూర్చుని పోగు పోగూ అతికి పెట్టాడు. అది దించమన్నాను, ఎన్నటికీ చీకని పాలిస్టర్ ఎక్కించమన్నాను. ఒక్క మాట కూడా అనకుండా దించాడు. ఎక్కించాడు. బట్ట ఎంత గట్టిగా వచ్చిందంటే, నేను రెండు చేతులా పట్టి గుంజితే నా భుజం పట్టేసింది గానీ అది చినగలేదు.

మరుసటి ఏడు వానలు వెనకబట్టాక ఇంకో మెసేజ్ వచ్చింది: "ఆప్‌కా కప్డా గలా నహీ. ఆకే దేఖియే." మీ బట్ట చీకలేదు, వచ్చి చూడండి.

దీన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను. చాయ్ దుకాణం ముందు నిలబడి నలుగురికీ వినిపించాను. సన్మానం చేస్తారేమోనని తెల్ల చొక్కా కుట్టించుకున్నాను, శాలువా కప్పితే బాగా కనిపించే మెడతో.

"మెచ్చుకునెతందుకు పిలుస్తుండ్రా, తిట్టెతందుకు పిలుస్తుండ్రా, జర కనుక్కో సేటూ," అన్నాడు నర్సయ్య మామ.

మా ఆవిడ లలిత ఇంకో మాట అంది. "సన్మానం చేసేటోళ్లయితే టికెట్ పంపుతరు. నీ టికెట్ నువ్వే కొనుక్కుంటున్నవంటే శాలువా గూడ నువ్వే కొనుక్కపో."

రైల్లో

భివండి రోడ్ స్టేషన్‌లో ఆగే బండ్లు తక్కువ కాబట్టి వసయి పోయి పెద్ద రైలు ఎక్కాను. లలిత సర్వపిండి, మామిడికాయ తొక్కు కట్టి ఇచ్చింది. ఎదుటి సీట్లో లుధియానాకు పోతున్న ఒక పెద్ద సర్దార్జీ, ఆయన భార్య ఉన్నారు. వాళ్లు పరాఠాలు విప్పారు, నేను సర్వపిండి విప్పాను. మా దగ్గర తొక్కును వేలి కొసతో అద్దుకుంటాం. ఆయన దాన్ని కూర అనుకుని చెంచా నిండా నోట్లో పెట్టుకున్నాడు. సీసాలో నీళ్లన్నీ ఒక్క గుక్కలో తాగాడు. కళ్లు తుడుచుకుని, "మీ ఇంట్లో రోజూ ఇదే తింటారా?" అని అడిగాడు. అవునన్నాను. "అయితే మీకు చలి ఏం చేస్తుందిలే," అన్నాడు.

ఏం పని చేస్తావని అడిగితే, కొండకు బట్ట వేశానని గొప్పగా చెప్పాను.

"కొండకు బట్ట ఎందుకు?"

చెట్లు తీయడం, మట్టి చెక్కడం, పైన బట్ట పరచడం అన్నీ వివరించాను. కొండ నాదే అన్నట్టు చేతులు ఊపుతూ చెప్పాను.

ఆయన పరాఠా నములుతూ ఆలోచించాడు. "అంటే ముందు తోలు తీసి, తర్వాత చొక్కా తొడుగుతున్నారన్నమాట."

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నా పోయినేటి వ్యాసంలో ఈ మాట లేదు. సర్దార్జీ తొక్కు తిని ఏడ్చిన సంగతి మాత్రం ఉంది.

మండి నుంచి పైకి

మూడో రోజు మండిలో బస్సు దిగేసరికి పొద్దెక్కింది. అక్కడి నుంచి ఖరోలికి జీపు. డ్రైవరు పేరు టేక్ సింగ్, నలభై ఏళ్లుంటాయి. అతని అత్తగారిల్లు ఖరోలిలోనే. మొదటి పది మలుపుల వరకు నేను ప్రకృతిని చూశాను. తర్వాత కిటికీ బయటికి తలపెట్టి రోడ్డును, ఆ రోజు ఉదయం తిన్న రాజ్మా అన్నాన్ని చూశాను. టేక్ సింగ్ జీపు ఆపి నిమ్మకాయ ఇచ్చాడు. "కింది నుంచి వచ్చేవాళ్లందరూ ఈ మలుపులోనే," అన్నాడు ఓదార్పుగా. ఆ మలుపులో నిజంగానే గడ్డి ఏపుగా ఉంది.

దారిలో చాయ్ తాగాం. ఇరవై ఐదు రూపాయలు. మా భివండిలో కటింగ్ చాయ్ పదికి వస్తుందని, ఆ గ్లాసులో మీ గ్లాసు కంటే చక్కెర ఎక్కువని దుకాణం ఆమెకు చెప్పాను. ఆమె చెయ్యెత్తి ఎదురుగా ఉన్న కొండలు చూపించింది. "చాయ్ పది. కూర్చుని చూసినందుకు పదిహేను."

సిడ్డూ అని అక్కడొక వంటకం ఉంది. గోధుమపిండి పులియబెట్టి, లోపల అక్రోట్ల పొడి పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, పైన నెయ్యి పోస్తారు. మన కుడుముకు మేనత్త కొడుకు వరస. ఒకటి తిన్నాక మెల్లగా ప్రాణం వచ్చింది.

టేక్ సింగ్‌కు స్కీ పందేలు కావాలి. "యాపిల్ ఇంతకుముందులా కాయడం లేదు సేట్‌జీ. మంచు ఒక ఏడు పడుతుంది, ఒక ఏడు మొహం చాటేస్తుంది. పందేలు మొదలైతే నా జీపు నాలుగు నెలలు ఆగదు." కొంచెం దూరం పోయాక తనే అన్నాడు, "మా అత్త ముందు మాత్రం నేనిలా అన్నానని చెప్పకండి. తిండి పెట్టదు."

చొక్కా తొడిగిన కొండ

నాలుగో రోజు పొద్దున తెల్ల చొక్కా వేసుకుని కొండ ఎక్కాను. పైన స్వెట్టర్ వేసుకుంటే మెడ కనిపించదని వేసుకోలేదు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

కొండ నిండా దేవదారు చెట్లు. నడుమ మాత్రం పైనుంచి కిందికి ఒక చార. మంగలి నిద్రమత్తులో గీసిన తలలాగా ఉంది. చార పొడవునా మొద్దులు, వాటి మీద ఎర్ర రంగుతో అంకెలు. మా సాంచల మీద కూడా అంకెలుంటాయి. కానీ అవి పనిచేసే వాటికి వేస్తాం. ఒక మొద్దు మీద కూర్చున్నాను. నేనూ, నా అల్లుడూ, మా బావమరిదీ పక్కపక్కన కూర్చోగలం, అంత వెడల్పు.

కింద ఒక చెరువంత గుంట తవ్వి నల్ల ప్లాస్టిక్ పరిచారు. మంచు పడని ఏడు యంత్రంతో మంచు చేయడానికి అందులో నీళ్లు నింపుతారట. నీళ్లు ఊరి పైనున్న ఊట నుంచి పైపులో వస్తాయి.

ఆ చార మీదంతా నా బట్ట. నిజం చెప్తున్నాను, మొదట నా ఛాతీ ఉబ్బింది. ఏడాదిన్నర ఎండ, వాన, మంచు తిని కూడా పోగు తెగలేదు. తర్వాత కింద ఏముందో చూశాను. బట్ట గట్టిగా ఉంది, అడుగున మట్టి లేదు. వానకు అడుగు నుంచి మట్టి జారిపోయింది. మొలిచిన కాస్త గడ్డి బట్టను ఎత్తలేక ముడుచుకుపోయింది. కొన్ని చోట్ల మేకులు ఊడి, బట్ట పెద్ద పెద్ద చాపలుగా చుట్టుకుని వాగులోకి దిగింది. అక్కడ ఊరి పొలాలకు పోయే కాలువ మూతికి అడ్డం పడి, మట్టిని, రాళ్లను పట్టి ఆనకట్టలాగా నిలబడింది. పట్టుకోవాల్సిన చోట పట్టుకోలేదు, వదలాల్సిన చోట వదలలేదు.

సూపర్‌వైజర్ ఎదురొచ్చాడు. నా తెల్ల చొక్కా వైపు చూశాడు. నేను చేతులు జోడించి, కొద్దిగా మెడ వంచి నిలబడ్డాను, శాలువాకు వీలుగా.

"గల్నా చాహియే అని చెప్పాను కదా," అన్నాడు. "రెండేళ్లు కావస్తున్నా ఇందులో ఒక్క పోగు కూడా ఎందుకు గలలేదు?"

'నహీ' ఎవరూ మింగలేదని అప్పుడు తెలిసింది.

మొదటి పందెం

తిరిగి దిగుతున్నప్పుడు మంచుకు తడిసిన నా బట్ట మీదే కాలు వేశాను. ఆ తర్వాత నేను నడవలేదు. కూర్చున్న భంగిమలో, చేతులు పైకెత్తి, ఒక ముప్పై అడుగులు జారాను. పాలిస్టర్ నునుపు గురించి నాకు ముందే తెలుసు, ఈ దిక్కు నుంచి తెలియదు. ఆ కొండ మీద ఇంకా ఒక్క పందెం కూడా జరగలేదు. మొదటి ఆటగాణ్ణి నేనే.

కింద టేక్ సింగ్ గడియారం చూసుకుంటున్నాడు. "బాగా వచ్చారు సేట్‌జీ. మెడల్ వస్తుంది."

అతని పక్కన ఒక ముసలామె ఒడిలో గొర్రెను పడుకోబెట్టుకుని కూర్చుంది. నవ్వు ఆపుకోలేక కొడవలి పక్కన పెట్టింది. టేక్ సింగ్ అత్త, కమ్లా దాదీ. నవ్వడం అయ్యాక మళ్లీ పనిలో పడింది. గొర్రె గిట్ట పైన తెల్లటి పోగులు చుట్టుకుని, చర్మంలోకి కోసుకుపోయి ఉన్నాయి. కొడవలి మొనతో ఒక్కొక్కటి తెంపుతోంది. అవి నా పోగులు. ఎన్నో నంబరు నూలో కూడా నేను చెప్పగలను.

"ఈ నెలలో ఇది ఐదోది," అంది ఆమె. "ఒకదాని కాలు పోయింది."

నేనెవరో టేక్ సింగ్ చెప్పాడు. ఆమె తల ఎత్తి, మట్టి అంటిన నా చొక్కా వెనక భాగం చూసి, "ఇంటికి రా, తుడుచుకుందువు," అంది.

కమ్లా దాదీ ఇంట్లో

ఆమె ఇంటి వసారాలో చిన్న మగ్గం ఉంది, పట్టూ అనే ఉన్ని దుప్పటి సగం నేసి దాని మీద ఉంది. నేను దాని ముందు కూర్చుని అంచు చూశాను. ఒక్క పోగు కూడా బిగువు తప్పలేదు. మనం ఒకే కులం అన్నట్టు ఆమె నా పక్కన చతికిలపడింది. వాగులోంచి తీసిన నా బట్ట ముక్క ఒకటి తెచ్చి వేళ్ల మధ్య రుద్దింది.

"మంచి బట్ట," అంది. "చాలా మంచి బట్ట. నా పట్టూ ఇరవై ఏళ్లుంటుంది, తర్వాత పురుగు తింటుంది, మట్టిలో కలుస్తుంది. దీన్ని పురుగు కూడా ముట్టడం లేదు."

నా జీవితంలో నా బట్టను ఎవరైనా అంత ఘోరంగా తిట్టింది అదొక్కసారే. అది కూడా మెచ్చుకుంటూ.

నీళ్లు తెచ్చి ఇచ్చింది. సగం గ్లాసే ఇచ్చింది, సిగ్గుపడుతూ. పొద్దున ఊట నుంచి బిందె నిండడానికి ఇప్పుడు ఎంతసేపు పడుతుందో చెప్పింది. బిందె నిండేలోపు ఆమె స్వెట్టర్ అల్లికలో నాలుగు వరసలు పూర్తి చేస్తుందట. పైన చెట్లు పోయాయి, పక్కన గుంటకు పైపు వేశారు, ఉన్న కాలువకు నా బట్ట అడ్డం. "మంచు కరిగితే మా ఊటకు నీళ్లు వచ్చేవి," అంది. "ఇప్పుడు ఊట నీళ్లతో మంచు చేస్తారట."

నేను పెద్దమనిషిలా నిట్టూర్చాను. ఆ నిట్టూర్పుకు నాకు అర్హత లేదు. అద్దకం నీళ్లు పారే మా ఊరి నాలా సోమవారం నీలం, మంగళవారం ఎరుపు. రంగు చూసి ఎవరికి ఏ ఆర్డరు వచ్చిందో చెప్పగలం. దాని పక్కనే నిలబడి వడాపావ్ తింటాం.

ఆ మధ్యాహ్నం ఊరి ఆడవాళ్లతో కలిసి కాలువలోంచి బట్ట లాగాను. గంటలో రెండు చేతులూ బొబ్బలు. దాన్ని పోయినేడు 'శ్రమదానం' అని రాసుకున్నాను.

ఎవరు నేశారో ఆయన్నే అడుగు

ఐదో రోజు కొండ కింద ఊరివాళ్లు సమావేశమయ్యారు. ముప్పై మంది ఉంటారు. కాలువ ఎందుకు పూడిందని సూపర్‌వైజర్‌ను నిలదీశారు. ఏడాదిన్నరగా వాళ్లు అడుగుతున్నవి చాలా ఉన్నాయి: చెట్లు, ఊట, గుంట. అతను అన్నిటికీ ఒకే జవాబు దొరికించుకున్నాడు. నా వైపు వేలు చూపించాడు. "అంతా ఈ బట్ట వల్లే. వీళ్లు తప్పు సరుకు పంపారు."

అది పూర్తి నిజం కాదు. బట్ట చీకినా ఆ నిటారు కొండ మీద మట్టి నిలిచేదో లేదో. ఆ మాట నేను అనవచ్చు. లేదా సగం తప్పు నాదే అని ఒప్పుకోవచ్చు. ముప్పై జతల కళ్లు నన్నే చూస్తుంటే నా నోట్లోంచి వచ్చింది ఇది:

"నేను కాటన్ అనే చెప్పాను. మా కార్ఖానాలో ఒక ముసలాయన బీమ్ తప్పు ఎక్కించాడు."

కొండ మీద నేను జారినదానికంటే వేగంగా తప్పు జారింది. బాట తీసిన కంపెనీ నుంచి సూపర్‌వైజర్‌కు, అతని నుంచి నాకు, నా నుంచి పద్దెనిమిది వందల కిలోమీటర్ల దిగువన గైబీ నగర్‌లో నిలబడి ఉన్న నర్సయ్య మామకు.

కమ్లా దాదీ నమ్మలేదు. ఆమె కూడా మగ్గం మనిషి కదా. "నేసేవాడికి ఏ పడుగు అతుకుతున్నాడో తెలియదా? ఆయన్నే అడుగు. మేమూ వింటాం."

తప్పించుకోలేక ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. ముందు సాంచల చప్పుడు, దాని నడుమ నర్సయ్య మామ గొంతు వచ్చాయి.

"ఏంది సేటూ? ఆగు, జర బయటికొస్త."

చప్పుడు తగ్గింది. నేను నాటకంలో రాజులాగా గొంతు పెంచాను. "కొండల ఆర్డర్‌కు గలత్ బీమ్ ఎందుకెక్కిచ్చినవ్ మామా? కాటన్ అంటే పాలిస్టర్ పెట్టినవ్!"

మామ గొంతు మామూలుగానే వచ్చింది.

"గట్లెట్లంటవ్ సేటూ? కాటన్ బీమ్ నేనే అతికిన గద. దించుమన్నది నువ్వు. మల్లొక్కసారి అడుగరాదు అని నీకు జెప్పిన గద."

ముప్పై మందిలో ఒక్కరికి కూడా తెలుగు రాదు. అందరూ నా మొహం చూస్తున్నారు. "ఏమంటున్నాడు?" అని అడిగింది దాదీ.

నేను ఫోన్ చేతిలో పట్టుకునే హిందీలో చెప్పాను. "మాఫీ అడుగుతున్నాడు. ముసలోణ్ణి, గల్తీ హో గయీ అంటున్నాడు."

అందరి మొహాలూ మెత్తబడ్డాయి. ఎవరో అయ్యో అన్నారు. అప్పుడు నా చేతిలోంచి ఒక్క మాట వినిపించింది.

"అచ్ఛా."

ఫోన్ పెట్టేశాడు.

దాదీ ఇంటికి పోయి చిన్న గుడ్డ సంచి తెచ్చింది. నిండా అక్రోట్లు. "తప్పు ఒప్పుకునే మనిషి ఈ రోజుల్లో ఎక్కడున్నాడు? ఈ కొండ మీద ఇంతవరకు ఒక్కరూ ఒప్పుకోలేదు. ఇవి ఆయనకివ్వు. పనిలోంచి తీసేయకు."

దిగుదారి

జీపులో నాలుగో మలుపు దగ్గర నాకు వెలిగింది. నర్సయ్య మామ ముప్పై ఏళ్ల నుంచి భివండిలో ఉన్నాడు. కూరగాయలు హిందీలో బేరమాడతాడు, మనవరాలితో మరాఠీలో వాదిస్తాడు. ఖరోలి వాళ్లకు తెలుగు రాదని ధైర్యంగా అబద్ధమాడాను. వినేవాడికి హిందీ వస్తుందని గుర్తు రాలేదు. ఆ 'అచ్ఛా' కూడా హిందీలోనే అన్నాడు.

అక్రోట్లు రైల్లో విప్పాను. ముందు ఒకటి, రుచి చూద్దామని. తర్వాత ఎదుటివాళ్లకు రెండు, మర్యాదకు. ఢిల్లీ దాటాక లెక్క తప్పింది. వసయిలో దిగేసరికి సంచిలో పెంకులున్నాయి. పోయినేటి వ్యాసంలో ఇలా రాశాను: "కొండ ప్రజలు అక్రోట్లతో నన్ను సత్కరించారు." సత్కారం కోసం పోయినవాణ్ణి కదా, ఏదో ఒకటి ఉండాలి.

కార్ఖానాకు పోతే నర్సయ్య మామ లేడు. సాంచ మీద ఉన్న బట్టను చివరి గజం దాకా నేసి, తుడిచి, నూనె పెట్టి వెళ్లిపోయాడట. టెంఘర్‌లో వేరే కార్ఖానాలో చేరాడు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. పైగా సంచికకు వ్యాసం రాసి పంపాను.

సంచిక ఇంటింటికీ పంచాక జరిగింది లలిత ద్వారా తెలిసింది. నర్సయ్య మామ భార్య ఆమెకు మార్కెట్లో కనపడిందట. టెంఘర్ సేట్ కూడా మనవాడే, సంచిక చదివాడు. మామను సాంచల మీద నిలబెడుతున్నాడు గానీ బీమ్ ముట్టనివ్వడం లేదు. "పెద్దమనిషివి, చూపు ఆనుతలేదేమో, ఉండనియ్" అంటున్నాడట. ముప్పై ఏళ్లు పోగులు అతికిన వేళ్లు. మామ అక్షరం అక్షరం కూడబలుక్కుని నా వ్యాసం మొత్తం చదివాడట. చదివి మడిచి బీరువా మీద పెట్టాడట.

"నీ బట్ట చీకలే గానీ," అంది లలిత, "నీ బుద్ధి చీకింది."

అయినా నేను కదలలేదు. గైబీ నగర్ నుంచి టెంఘర్‌కు ఆటోలో పావుగంట. నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

ముందు దూరం, తర్వాత దగ్గర

పిరికివాడు ముందు దూరంగా ఉన్నవాళ్లకు చెప్తాడు. పోయిన నెల టేక్ సింగ్‌కు ఫోన్ చేసి కమ్లా దాదీకి ఇమ్మన్నాను. కాలువ బాగుచేసుకున్నారట. నా బట్టను గొడ్ల కొట్టం మీది గడ్డి కప్పుకు బిగించారట, ఎంత గాలికీ పరక లేవడం లేదట. కొండ మీద చార అలాగే ఉంది. పందేలు ఇంకా జరగలేదు. ఊట దగ్గర పొద్దున బిందె నిండడానికి ఇప్పుడు ఐదు వరసల అల్లిక పడుతుందట.

ఆ రోజు ముసలాయన మాఫీ అడగలేదని, నేనే అబద్ధం చెప్పానని, బీమ్ మార్పించింది కూడా నేనేనని ఆమెకు చెప్పాను.

"అక్రోట్లు ఆయన తిన్నాడా?"

"నేను తిన్నాను దాదీ."

"నాకు చెప్పి ఏం లాభం?" అంది. "నేను అలిగి నిన్ను ఏం చేయగలను? ఆయనకు చెప్పు."

టెంఘర్

మర్నాడు మధ్యాహ్నం భోజనాలకు ముందు టెంఘర్ పోయాను. షెడ్డులో ఇరవై నాలుగు సాంచలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో పక్కవాడు అరిచినా వినపడదు. నేను కావాలనే ఆ సమయం ఎంచుకున్నాను. మామ రెండు సాంచల నడుమ నిలబడి తెగిన పోగు వేస్తున్నాడు. సన్నబడ్డాడు. నన్ను చూసి పోగు ముడి పూర్తి చేసి, అప్పుడు తిరిగాడు.

నేను మామూలు గొంతుతో, నాకు కూడా వినపడకుండా, చెప్పాల్సింది చెప్పేశాను. చెప్పేశాను కదా అని గుండె తేలికపడింది.

ఒకటి మరిచాను. సాంచల మధ్య బతికినవాళ్లు చెవులతో వినరు, పెదవులు చూసి వింటారు. మామ తల అడ్డంగా ఊపాడు. గోడ మీది మెయిన్ స్విచ్ చూపించి, చేత్తో కిందికి లాగినట్టు సైగ చేశాడు.

అది నా షెడ్డు కాదు. టెంఘర్ సేట్ గల్లా దగ్గర కూర్చుని చూస్తున్నాడు. పోయి ఆయనకు చెప్పాను, "అన్నా, ఒక్క నిమిషం బంద్ చెయ్యాలె." ఆయనకు అర్థం కాకున్నా తలూపాడు. స్విచ్ లాగాను. సాంచలు ఒక్కొక్కటిగా దడదడలాడి ఆగాయి. పన్నెండు మంది నేతగాళ్లు నా వైపు తిరిగారు. అంత నిశ్శబ్దం ఖరోలిలో కూడా వినలేదు.

"గీయన బీమ్ గలత్ ఎక్కియ్యలే," అన్నాను. "కాటన్ బీమ్ అతికి పెట్టిండు. దించుమన్నది నేను. మల్ల అడుగుమని చెప్పినా నేను అడుగలే. కొండ మీద గీయన మాఫీ అడిగిండని అబద్ధం చెప్పిన. పుస్తకంల గూడ అబద్ధమే రాసిన. మల్ల రాస్త, నిజం రాస్త." మామ వైపు తిరిగాను. "తప్పయింది మామా."

నర్సయ్య మామ చేతికున్న నూలు దుమ్ము దులుపుకున్నాడు.

"తప్పు దానంతటదే అయిందా," అన్నాడు, "చేసినవా?"

అందరూ చూస్తున్నారు. ఈసారి మింగడానికి ఏమీ లేదు.

"చేసిన మామా. తప్పు నేను చేసిన."